కిటికీలోంచి కనబడ్డ మద్దిచెట్టు

మా చిన్నప్పుడు... వాగు అవతలి ఒడ్డున నిలబడ్డ ఆ చెట్టు తెల్లమద్దా, నల్లమద్దా? నలభై దాటినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మహదేవపూర్ దగ్గర మా ఊరు. వాగుల ఈత కొట్టని రోజు లేదు నాకు. కానీ అప్పుడు నీళ్లనే చూసిన... చెట్టును చూడలే.

పెద్దమనిషినైనప్పుడు వెనక అర్రల ఈతచాప మీద కూసోబెట్టిన్రు. గడప దాటొద్దు, ఎవ్వర్నీ ముట్టొద్దు. నువ్వుల ముద్దలు, ఎండుకొబ్బరి కుడుక ముక్కలు, ఒక చిన్న కిటికీ... అందులోంచి కనబడేది ఆ చెట్టొక్కటే. పొద్దుటెండకు దాని మాను తెల్లగా, నున్నగా మెరిసేది.

చెల్లె సరిత కిటికీ కాడికొస్తే బతిమాలిన. "గా చెట్టు ఆకు తేవే జర!"

"పిచ్చి లేసిందా అక్కా? చెట్టుకిచ్చి పెండ్లి జేస్తరా ఏంది నిన్ను?"

అయినా తెచ్చింది. నన్ను ముట్టకుండా పైనుంచి ఒళ్లో పడేసింది. పొడుగాటి ఆకు... తొడిమె దగ్గర రెండు చిన్న బొడిపెలు. మర్నాడు కాయ... ఐదు రెక్కలు.

అవ్వ గడప అవతలి నుంచే చూసింది. "మద్ది కాయే బిడ్డా. తెల్లదో నల్లదో బెరడు జూస్తెనే ఎరుక. తెల్లదానిది నున్నగ పొరలు లేస్తది. నల్లదానిది మొసలి వీపు లెక్క పగుల్తది."

సరిత తెచ్చిన బెరడు నల్లగా, పగుళ్లు పగుళ్లుగా ఉంది!

"నిజంగ గా చెట్టుదేనానే?"

"ఒట్టక్కా, గదే!"

కండ్లు ఒకటి చెప్తున్నయ్, చేతిలోది ఇంకొకటి. స్వయంగా పోయి ముట్టుకుంటే తప్ప తేలదు. తలమీద నీళ్లు పోసి కొత్తబట్టలు కట్టించినంక అడిగిన... "అవ్వా, వాగు కాడికి పోయొస్త."

"ఇగ వాగు లేదు గీగు లేదు. పెద్దదానివైనవ్. ఇంటి పట్టున ఉండు."

అర్రలోంచి బయటికొచ్చిన... అంతే.

మొన్న డోర్నకల్‌లో ఉండే సరితకు ఫోన్ చేసిన. ఆ బెరడు మన పొయ్యి కట్టెల్లోంచి గుంజినవా అంటే పడీపడీ నవ్వింది. "యాదికి లేదక్కా. నువ్వింకా గదే పట్టుకొని కూసున్నవా?"

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది. ఊరికి పోయినప్పుడల్లా కారు దాని మీదికెల్లే పోతది. చెట్టు అక్కడే ఉంది... దూరం నుంచి ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా. దిగితే ఆపేవాళ్లు లేరు. అవ్వ కూడా లేదు.

ఇప్పటి పిల్లలు చాలామంది పెద్దమనిషైన ఆ రోజుల్లో కూడా బడికి పోతున్నరు... సంబురమే. మీలో ఎవరికన్నా దూరం నుంచే చూస్తూ ఉండిపోయిన చెట్టో, వాగో ఉంటే కింద రాయండి.

నేనైతే కారు ఎందుకు దిగుతలేనో... అదేం చెట్టో తెలిసిపోతదని భయమో, అవ్వ మాట ఇంకా కాళ్లకు అడ్డం పడుతున్నదో... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.