ఇంజన్‌కు మందు పోసిన ఆదివారాలు

పోయిన ఆదివారం పొద్దున బెంగళూరు హూడిలో ఒక పెట్రోలు బంకు దగ్గర కారు ఆపాను. పెట్రోలు పట్టే అమ్మాయి ట్యాంకు మూత తీసి, నాకు ఒక చిన్న సీసా చూపించింది. ఇది పోస్తే ఇంజన్ లోపల పేరుకున్న కార్బన్ అంతా పోతుందనీ, మైలేజీ పెరుగుతుందనీ కన్నడంలో గడగడా అప్పజెప్పింది. మా కారు కొని ఏడాది కూడా కాలేదు, దానికి ఆ మందుతో పనే లేదు. అయినా పోయమన్నాను. పక్కసీట్లో ఉన్న మా ఆవిడ నావైపు అదోలా చూసింది. సీసా మూత తీయగానే వచ్చిన ఆ కిరసనాయిలు లాంటి ఘాటు వాసనకు మా మేనమామ కారు, డిక్కీలో టమాటాల బుట్ట, పితికిన పప్పు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయని ఆవిడకు అప్పటికప్పుడు ఎలా చెప్పను? ఇంటికెళ్లాక తీరిగ్గా చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ఉండేవాణ్ని. అక్కడ సాంబారేదో రసమేదో వడ్డించేవాడు చెబితే తప్ప తెలిసేది కాదు. అందుకని శనివారం సాయంత్రమయ్యేసరికి కాటన్‌పేటలో మామ ఇంట్లో తేలేవాణ్ని. తాతల కాలం నుంచి వాళ్లది అక్కడే కాపురం, జరీ దారం వ్యాపారం. మామకు వెన్న రంగు పాత పెట్రోలు కారు ఒకటి ఉండేది. ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి, అంతే దాని లోకం. నడిచి వెళ్తే ఇంకా ముందే చేరేవాడు గానీ, కారున్న మనిషి నడిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన బెంగ. పేట సందుల్లో మొదటి గేరు దాటకుండా, ఇంజన్ సరిగా వేడెక్కేలోపే ఆగిపోతూ ఏళ్ల తరబడి తిరిగిన కారు ఏమవుతుంది? లోపలంతా మసి పట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చుట్టలు కాల్చే పెద్దాయనలా దగ్గేది. వెనక నల్లటి పొగ. చివరికి ఎమిషన్ టెస్టులో కూడా తప్పింది. ఇక దీనితో నావల్ల కాదు, అమ్మేస్తానని మామ తీర్మానించాడు.

ఆ మాటకు మా అత్తయ్య గుండెల్లో రాయి పడింది. చిన్నప్పుడే తల్లి పోతే ఆవిణ్ని చంకనేసుకుని పెంచింది వాళ్లక్క. ఆ అక్క కోలారు దాటాక, ములబాగిలు అవతల ఒక టమాటా తోటలో కొడుకూ కోడళ్ల దగ్గర ఉండేది. మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోయేది, ఇక బెంగళూరు ఎక్కడ వస్తుంది? పోనీ అత్తయ్యే వెళదామంటే, బస్సు ఎక్కితే చాలు కడుపులో తిప్పి, ఊరి శివారు హొసకోట రాకముందే వాంతులు. కారు ఒక్కటే దారి. మామ దాన్ని కూడా ఏడాదికోసారి, ఆయుధపూజకు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక మాత్రమే ఊరు దాటించేవాడు. అత్తయ్య ఆయనతో వాదించలేదు. వంటింట్లో నాకు దోసె వేస్తూ, "గాడి పోతే పోనీలే అల్లుడా. మా అక్కను ఎట్ల చూసేది?" అని మాత్రం అంది.

మడివాళ మార్కెట్ వెనక నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. అమ్మే ముందు ఒక్కసారి చూపిద్దామని మామను బతిమాలి కారును అక్కడికి తీసుకెళ్లాను. ఆయన ఇంజన్ చప్పుడు కాసేపు విని, ఇప్పుడే విప్పదీసే పని లేదు, ముందు ఒక సీసా మందు ట్యాంకులో పోసి నిండా పెట్రోలు పట్టి చూడండి అన్నాడు. అయితే పోశాక మళ్లీ సందుల్లోనే తిప్పితే లాభం లేదట. హైవే ఎక్కించి, ఇంజన్ బాగా వేడెక్కేట్టు దూరం తోలితేనే మసి వదులుతుందట. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే, హైవే అంటే ఏదైనా పర్వాలేదా అని అత్తయ్య నన్ను అడిగింది. పర్వాలేదన్నాను. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ, ఎవరివైపూ చూడకుండా, "ములబాగిలు రోడ్డు సక్కగ ఉండాది కదప్పా" అంది.

అలా మొదలైంది. ఆదివారం తెల్లవారుతూనే బంకులో మందు పోయించి, అది కుదురుగా కలవాలని నాలుగుసార్లు కారును కుదిపి మరీ మామ బయల్దేరాడు. పసిపిల్లలకు ఆముదం పట్టినట్టే ఇదీనని దారి పొడవునా నాకు వివరించాడు. కోలారు దాటేసరికి నిజంగానే దగ్గు తగ్గింది. తర్వాత ఎమిషన్ టెస్టు కూడా గట్టెక్కింది. మామ ఈ వైద్యాన్ని పేటంతా చాటింపు వేశాడు, అమ్మకం మాట మరిచిపోయాడు. అత్తయ్యకు మాత్రం అప్పటి నుంచి చెవులు పదునెక్కాయి. నెల తిరిగేసరికి కారు మళ్లీ దగ్గుతోందనేది. నేను బానెట్‌కు చెవి ఆనించి విన్నా నాకేమీ వినపడేది కాదు. మామకు వినపడేదో లేదో తెలియదు గానీ, మందు సీసా మాత్రం తెచ్చేవాడు.

ములబాగిలులో ఆ ఆదివారాలు ఎంత బాగుండేవో చెప్పలేను. శనివారం రాత్రే నానబెట్టి తెచ్చిన అనపగింజల్ని మంచం మీద పోసుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కో గింజా పితికి తొక్క తీసేవారు. ఆ పనికి అంతూ పొంతూ ఉండదు, వాళ్ల మాటలకూ ఉండేది కాదు. పితికిన పప్పు అంటే మామ ప్రాణం ఇచ్చేస్తాడు కాబట్టి తొందరపెట్టేవాడు కాదు. విస్తళ్లు వేసేసరికి మూడు దాటేది. కడుపారా తిని మామ ఒక కునుకు తీసి లేచేసరికి రాహుకాలం వచ్చేసేది. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆయన కారు తాళం ముట్టుకోడు. దాంతో అక్కాచెల్లెళ్లకు ఇంకో గంటన్నర కలిసొచ్చేది. ఇదంతా దానంతటదే అలా కుదురుతోందని నేను చాలాకాలం నమ్మాను. నా తెలివి అంతంతమాత్రమని ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది.

ఇలా సాగుతుండగా మెకానిక్ కొత్తగా ఒక కెమెరా కొన్నాడు, సన్నటి వైరు చివర ఉండేది. ఒక శనివారం మేం వెళ్లినప్పుడు ముచ్చటపడి స్పార్క్ ప్లగ్గు తీసి, దాన్ని ఇంజన్‌లోకి దించి, ఫోనులో మాకు చూపించాడు. లోపల పిస్టన్ తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. ఇక నెలనెలా పోయడం దండగ, ఏడాదికోసారి పోసినా ఎక్కువే, మీ ఇష్టమొచ్చినట్టు సందుల్లో తిప్పుకోండి అన్నాడు. శుభవార్త చెబుతున్నానని ఆయన సంబరం. నాకు మాత్రం ములబాగిలులో మంచం మీద కూర్చుని దారి వైపు చూస్తుండే ఆ పెద్దావిడే కళ్లముందు మెదిలింది. మామ ఆ ఫోను వైపు చాలాసేపు చూశాడు.

ఇంటి ముందు కారు ఆగేసరికి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. మెకానిక్ ఏమన్నాడని నన్నే అడిగింది. నాకు అబద్ధాలు చేతకావు. ఎలా మొదలుపెట్టాలా అని తడుముకుంటుంటే మామ అందుకున్నాడు.

"ఇంకా శానా ఉండాదంట మసి. నెలనెలా పోయాల్సిందేనంట," అన్నాడు చెప్పులు విడుస్తూ. రెండడుగులు లోపలికి వేసి, వెనక్కి తిరక్కుండానే, "గింజలు నానబెట్టు" అన్నాడు.

అత్తయ్య అక్క ఉన్నన్నాళ్లూ ఆ ఇంజన్ శుభ్రపడలేదు. అంతకాలం పట్టినందుకు మా ఇంట్లో ఎవరికీ చింత లేదు.