బియ్యం డబ్బాలో కళ్ళజోడు

2022, వానాకాలం. భీమవరంలో మాది చిన్న కళ్ళజోళ్ళ షాపు. కంటి పరీక్ష నేనే చేస్తాను. ఒకరోజు సత్యవతి మళ్ళీ విరిగిన కళ్ళజోడుతో వచ్చింది, పక్కన భర్త. ఆమె పవర్ మైనస్ తొమ్మిది. అంటే అద్దాలు లేకపోతే జానెడు దూరం దాటాక మనిషి మొహం కూడా మసకే.

"మళ్ళీ దాని మీదే కూర్చుందండి. ఒట్టి మతిమరుపు మనిషి" అన్నాడాయన నవ్వుతూ. మాట మహా మెత్తన. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మీద కూర్చుంటే ఫ్రేము చదునుగా నలుగుతుంది. ఇది ఎవరో రెండు చేతులతో పట్టి మెలితిప్పినట్టుంది.

"పరీక్ష గదిలోకి పేషెంటు ఒక్కరే రావాలండి" అని ఆయన్ని బయట కూర్చోబెట్టాను. మా షాపులో అలాంటి రూలేమీ లేదు. అప్పుడే పెట్టాను.

తలుపు వేసి అడిగాను. "ఎవరు విరిచారమ్మా?"

"ఆయన కొట్టరు మేడమ్. ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. నేను బయటికెళ్ళాల్సి వస్తే చాలు, ఇది విరిచేస్తారు. మా చెల్లి పెళ్ళికీ అంతే. సోమవారం రొయ్యల ప్లాంటులో ఉద్యోగానికి పిలిచారండి. ఎలాగో ఏంటో!"

"కొట్టకపోయినా ఇదీ హింసేనమ్మా. చట్టం కూడా అదే అంటుంది."

ఆమె ఏడవలేదు. "సోమవారం లోపు ఇచ్చేస్తారా అండి?" అని మాత్రం అడిగింది.

రెండు కళ్ళజోళ్ళు చేయించాను. తీసుకెళ్ళడానికి ఇద్దరూ వచ్చినప్పుడు, ఫిట్టింగ్ చూడాలని, అంటే చెవుల దగ్గర కాడలు సరిచేయాలని ఆమెను మళ్ళీ లోపలికి పిలిచాను. రెండోది సంచి అడుగున పెట్టి, మహిళా హెల్ప్‌లైన్ నంబరు చెప్పాను.

"ఇంట్లో ఆయన చెయ్యి పెట్టని చోటేదైనా ఉందా?"

"బియ్యం డబ్బా అండి."

ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం.

తర్వాత కొన్ని వారాలు కబురు లేదు. నాకు ఒకటే బెంగ. ఒక మధ్యాహ్నం సత్యవతి ఒంటరిగా వచ్చింది, మెడలో ప్లాంటు ఐడీ కార్డుతో.

"ఆ సోమవారం పొద్దున్నే విరిచేశారు మేడమ్. ఇంకెలా వెళ్తావో చూస్తానన్నారు. నేను వంటింట్లోకెళ్ళి రెండోది పెట్టుకొచ్చాను. ఆయన అరిచేటప్పుడు ఆ మొహం నాకెప్పుడూ సరిగ్గా కనపడేది కాదు. ఆవేళ కనపడిందండి. ఆయనే భయపడిపోతున్నారు!"

అలాగే ప్లాంటుకి బస్సెక్కేసిందట. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోంది. కేసు కూడా పెట్టింది. ఆరోజు తనే ఎర్ర ఫ్రేము ఎంచుకుని, "బాగుందా అండి?" అంది.

"అద్దం ఉందిగా, నువ్వే చూసుకో" అన్నాను. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి ఎంతసేపు చూసుకుందో! నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఒంటి మీద దెబ్బ కనపడకపోతే హింస లేదనుకోకూడదని మాటగా తెలిసినా, నాకు నిజంగా అర్థమయ్యేలా చేసింది సత్యవతే. నేను ఆవేళ అప్పటికప్పుడు కల్పించిన రూలుకి ఇప్పుడు బోర్డు కూడా రాయించాను: పరీక్ష గదిలోకి పేషెంటు ఒక్కరే రావాలి.