చర్చి గుమ్మంలో నా పీహెచ్‌డీ

ఈ రోజు బరంపురంలో ఆరాధన ముగిశాక, సంఘపెద్ద ఒకాయన చర్చి గుమ్మంలో మా ఆయన్ని ఆపారు. బుధవారం నా పీహెచ్‌డీ సెమినార్. నేను దానికి చదువుకోవాలని, నేను చెప్పాల్సిన సండేస్కూల్ పాఠం మా ఆయనే చెప్పారు, చంటిదాన్ని చంకనేసుకుని.

“ఏటి బాబూ, ఆడోళ్ల పనులు నువ్వు సేస్తన్నావు? ఆవిడ సదువు మానిపించెయ్,” అన్నారు పెద్దాయన.

“నేను మానను పెద్దయ్యా. సెమినార్‌కి మీరూ రండి,” అన్నాను.

పెద్దాయన మద్దతు కోసం మా అత్తగారి వైపు తిరిగారు. మా పిల్లల్ని చూసుకోవడానికే ఆవిడ ఛత్రపూర్ నుంచి వచ్చారు.

“నా కోడలు సదువు మానితే, నాను రేపే మావూరు ఎలిపోతాను. పిల్లల్ని నువ్వొచ్చి సూసుకో తమ్ముడూ!” అన్నారావిడ.

పెద్దాయన తన చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. నేను చదువుతూనే ఉంటాను. మీరైతే ఆయనకి ఏం చెప్పేవారు?