నాలుగు అద్దాలూ ఒక్కసారే

మా బావ పాత అంబాసిడర్‌కు పవర్ విండోలు బిగించింది నేనే. రెండు వారాలు తిరక్కముందే వాటిని ఊడదీసిందీ నేనే. ఖమ్మంలో నాకొక ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాత కారుకు మీట నొక్కితే దిగే అద్దాలు పెట్టించుకోవడం పెద్ద షోకు. మిర్చి వ్యాపారులు వరసగా వచ్చేవారు. మా బావది మాత్రం షోకు కాదు, భయం.

బావంటే మా అక్క భర్త. భద్రాచలం నుంచి చర్ల వైపు కారు కిరాయికి తిప్పేవాడు. ఆ దారిలో పోలీసు క్యాంపుల ముందు గేట్లు ఉండేవి. గేటు దూరంగా కనబడగానే బండి నెమ్మది చేసి, నాలుగు అద్దాలూ దించాలి. లోపల ఎవరున్నారో ఇసుక బస్తాల వెనక నిలబడ్డవాళ్లకు తెలియాలి. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు, కానీ ఎరగని డ్రైవరు లేడు. చిక్కేమిటంటే, వెనక అద్దం దించాలంటే వెనక కూర్చున్నవాళ్లే పిడి తిప్పాలి. ఒకసారి వెనక సీట్లో మనిషి నిద్రపోయి అద్దం దించలేదు. అందర్నీ కిందికి దింపి ఎండలో చాలాసేపు నిలబెట్టారట. ఆ వారమే బావ కారు తెచ్చి నా షాపు ముందు ఆపాడు.

"నాలుగద్దాలు నా చేతిల ఉండాలె బామ్మర్దీ. నొక్కితే ఒక్కసారే దిగాలె. ఎవ్వరినో నమ్ముకొని ఆ గేటు కాడికి నేను పోలేను" అన్నాడు.

అదెంత పని అన్నాను. నా పనికి వంక పెట్టినవాడితో ఏడాదిపాటు మాట్లాడని రకం నేను. హైదరాబాదు నుంచి కిట్టు తెప్పించాను. తలుపుల అట్టలు ఊడదీసి, పిడులు తీసేసి, వాటి స్థానంలో మోటార్లు కూర్చోబెట్టాను. తలుపు సందులో వైర్లు నలగకుండా రబ్బరు గొట్టాలు తొడిగాను. మీటలన్నీ స్టీరింగు పక్కనే, బావ కుడిచేతికి అందేలా పెట్టాను. అంత శ్రద్ధగా చేసినవాణ్ణి ఒక్కచోట బద్ధకించాను. నాలుగు మోటార్లకూ కలిపి ఒకే ఫ్యూజు వేశాను. అదీ కంటికి కనబడకుండా ఉంటే అందమని, డ్యాష్‌బోర్డు అడుగున, ఎడమ సీటులో కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గర. తర్వాత ఒక్కో అద్దమే దించి, ఎక్కించి చూసుకున్నాను. నాలుగూ వెన్నలా దిగాయి. బావ అడిగింది నాలుగూ ఒక్కసారే దిగాలని. ఆ ఒక్కటీ నేను చూడలేదు. ఇన్నేళ్లయినా ఆ తప్పు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పది రోజుల తర్వాత అక్కను చూడ్డానికి భద్రాచలం వెళ్లాను. పొద్దున్నే బావ కిరాయికి బయలుదేరుతుంటే నేనూ ముందు సీట్లో ఎక్కాను. నా పనితనం కళ్లారా చూసుకోవాలని. వెనక ఒక కోయ ముసలమ్మ, ఆమె కోడలు, ఐదారేళ్ల మనవరాలు. పిల్లకు జ్వరమైతే దవాఖానాలో చూపించుకొని చర్ల అవతల వాళ్ల ఊరికి పోతున్నారు.

మొదటి గేటు దగ్గర బావ నాలుగు మీటలూ కలిపి నొక్కాడు. అద్దాలు నాలుగూ ఒకే ఊపున దిగాయి. నేను పొంగిపోయి బావ వైపు చూశాను. బావ మాత్రం గేటు దాటేదాకా నా వైపు చూడలేదు.

అక్కణ్నుంచి రోడ్డు చెడిపోయింది. ఎర్రదుమ్ము లోపలికి కొడుతుంటే అద్దాలు ఎక్కించుకున్నాం. గంటసేపు ఆ దుమ్ము అద్దాల గాడుల్లోకి దిగుతూనే ఉందని అప్పుడు నాకు తోచలేదు.

రెండో గేటు కనబడింది. బావ మీటలు నొక్కాడు. అద్దాలు రెండు వేళ్లంత దిగి ఆగిపోయాయి. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. కారు మాత్రం పోతూనే ఉంది, గేటుకు బాగా దగ్గర్లో గాని ఆగలేదు. అద్దాల నిండా దుమ్ము. బయటివాళ్లకు మేం మసక మసకగా తప్ప కనబడి ఉండం.

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. బిగుసుకున్న అద్దాలను నాలుగు మోటార్లూ కలిసి లాగేసరికి ఫ్యూజు పోయింది. నా జేబులో ఇంకొకటి ఉంది. అది పిడికిట్లో పట్టుకొని, చటుక్కున ముందుకు వంగి డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాను.

బయట ఎవరో గట్టిగా అరిచారు. తుపాకీ సర్దుకున్న చప్పుడు వినబడింది.

"కదలకు" అన్నాడు బావ, పెదవులు కూడా కదపకుండా. "చెయ్యి తియ్యకు, లోపలికి పెట్టకు. ఎట్లున్నవో అట్లనే ఉండు."

తన రెండు చేతులూ స్టీరింగు పైన అందరికీ కనబడేలా పెట్టి, అద్దం సందులోంచి ఫ్యూజు పోయింది సార్, ఫ్యూజు పోయింది సార్ అని చెబుతూనే ఉన్నాడు. నేను తల మోకాళ్లకు ఆనించి, చెయ్యి వైర్లలో పెట్టి అట్లాగే వంగి ఉన్నాను. నా వల్ల మా అక్క ముండమోస్తుందనుకున్నాను. నా ప్రాణం సంగతి దాని తర్వాతే గుర్తొచ్చింది.

మెడ ఒక్కటి తిప్పగలిగాను. సీట్ల సందులోంచి వెనకవాళ్లు కనబడ్డారు. కోడలు రెండు అరచేతులూ తనవైపు అద్దానికి ఆనించి కూర్చుంది. ఇటువైపు ముసలమ్మ చేతులు. ఆ చేతుల మధ్య, ఆమె ఒళ్లో కూర్చున్న పిల్ల చేతులు, వేళ్లు బాగా విడదీసి అద్దానికి అదిమి ఉన్నాయి. ఎవరూ వాళ్లకు చెప్పలేదు. చెప్పే సమయం ఎక్కడిది? అందరికీ తెలిసిన పని అది. కారులో చెయ్యి దాచింది నేనొక్కణ్నే.

తలుపు బయట్నుంచి తెరుచుకుంది. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్ర జవాను. నా చెయ్యి మెల్లగా బయటికి తీయించి, పిడికిలి విప్పమన్నాడు. అందులో ఉన్న ఫ్యూజును చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. పెట్టి చూపించు అన్నాడు. మూడుసార్లు చేజారాక పెట్టగలిగాను. బావ ఈసారి ఒక్కో మీటే నొక్కాడు. ఒక్కో అద్దమే మూలుగుతూ దిగింది. జవాను లోపలికి తొంగిచూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

గేటు దాటాక క్షమాపణ చెప్పాలని బావ వైపు తిరిగాను. బావ తన తల ముందున్న చిన్న అద్దంలో వెనక సీటు చూస్తూ, "పాపను చూడు" అన్నాడు.

తిరిగి చూశాను. ఆ పిల్ల పక్కనున్న కిటికీ అద్దం ఎప్పుడో కిందికి దిగిపోయింది. ఆ పిల్ల చేతులు మాత్రం అద్దం ఉన్నచోటే, ఉత్త గాలిలో, వేళ్లు విడదీసి అట్లాగే ఉన్నాయి. క్యాంపు కనుమరుగయ్యాక ముసలమ్మ వాళ్ల భాషలో ఏదో చెప్పింది. అప్పుడు పిల్ల చేతులు దించింది.