బీరమ్మకు వచ్చిన ఇంగ్లీషు

సురంగల్ ఊరి బీరమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఇంగ్లీషులో ‘లేదు’ అని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో ఆమెకు బాగా తెలుసు. మొయినాబాద్‌లో ఏ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డా అదే చెవిన పడుతుంటే రాక ఏం చేస్తుంది? ‘స్టాఫ్ షార్టేజ్’ అంటే చీటీ రాసే మనిషి రాలేదని. ‘షార్ట్ సప్లై’ అంటే సరుకు ఉంది, నీ దాకా రాదని. ‘టెంపరరీ షార్టేజ్’ అంటే ఈ పంటకాలమంతా అంతేనని. ఇవే మాటలు మనవరాలు సింధుజ పాఠంలో వచ్చాయి. బీరమ్మ చెప్పిన అర్థాలకు ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. బీరమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

మండదా మరి! రెండెకరాల మక్కచేను పసుపు రంగుకు తిరుగుతోంది. వారంలోగా రెండు బస్తాల యూరియా పడకపోతే కంకులకు పాలు పట్టవు. నాలుగు రోజులుగా ఎరువుల దుకాణం చుట్టూ తిరుగుతోంది.

దుకాణం ముందు వరసలో మనుషులుండరు, చెప్పులుంటాయి. మనిషి నీడకు పోవచ్చు, ఒకరి చెప్పును ఇంకొకరు జరపకూడదు. ఆ రోజు బీరమ్మ చెప్పే అన్నిటికంటే ముందుంది. గుమాస్తా షట్టర్ సగం ఎత్తి, “నో స్టాక్ అవ్వా” అన్నాడు.

ముందురోజు లారీ దింపిన హమాలి బాలరాజ్ బీరమ్మ ఊరివాడే. రెండు వందల బస్తాలు లోపల పెట్టామని అతనే చెప్పాడు. బీరమ్మకు కోపం నషాళానికంటింది.

“గట్లనా? గదే మాట కాయితం మీద రాసియ్యి. తారీకు ఎయ్యి, ముద్దర కొట్టు.”

“గట్ల రాసియ్యరు అవ్వా.”

“నోటితోని చెప్పొస్తది, చేతితోని రాయొస్తలేదా? రాయి! నా చేను ఎందుకు ఎండిందో ఆ కాయితమే చెప్తది.”

గుమాస్తా పెన్ను ముట్టలేదు. వెనక నుంచి అరవై మంది లేచి “మాకు సుత రాసియ్యి” అని మీద పడ్డారు. వాడు ఫోన్ పట్టుకుని లోపలికి పోయాడు. కాసేపటికి షట్టర్ పూర్తిగా లేచింది. లోపల బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. సిగ్గులేని జన్మలు!

“లిమిటెడ్ స్టాక్. మనిషికి ఒక్కటే” అన్నాడు గుమాస్తా.

“నాకు రెండెకరాలున్నది. రెండియ్యి” అని బీరమ్మ అడ్డం నిలబడింది. ఈసారి వెనక ఉన్నవాళ్లు ఆమె పక్షాన లేరు. “జర జరుగవ్వా, మాకు అందొద్దా?” అని కసిరారు. తనవల్ల తెరుచుకున్న షట్టర్ ముందు తనే అడ్డమైంది. పళ్లు కొరుక్కుంటూ ఒక్క బస్తా ఆటోలో వేయించుకుంది.

చేను గట్టున బస్తా దింపాక సింధుజ అడిగింది: “రెండెకరాలకు సగం సగం చల్లుదామా, అవ్వా?”

“సగం సగం చల్లితే రెండూ పోతయి బిడ్డా. పై ఎకరమన్న బతకనియ్యి.”

కింది ఎకరానికి మరుసటి వారం కొడవలి పెట్టింది. పాలు పట్టని కంకులు, ఆకులు, కర్రలు అన్నీ కోసి బర్రెలకు వేసింది. కోస్తున్నంతసేపూ ఆ గుమాస్తాను, వాడి యజమానిని, వాళ్ల ఏడు తరాలను తిడుతూనే ఉంది.

నెల తిరగకముందే, ఎరువు చల్లే అదను దాటిపోయాక, ఆ దుకాణం ముందు బోర్డు వెలిసింది: యూరియా ఉన్నది, ఎన్ని బస్తాలైనా ఇస్తాం.