చాపెల్ గంట, నా కడుపుమంట

ఆ రోజుల్లో, అంటే మరీ రాతియుగం కాదు, చేతుల్లో బటన్ల ఫోన్లున్న కాలం, నా కళ్లకు లోకంలో ఇద్దరే మనుషులు కనిపించేవారు. ఒకడు నేను, రెండోవాడు మా మేనత్త కొడుకు. నాకంటే కొన్ని నెలలే పెద్ద అయినా బావా అనే పిలవాలని అమ్మ ఆర్డరు. తిరుమలగిరి నుంచి ఇద్దరం ఒకే బస్సులో బొల్లారం అవతలి లూథరన్ విశ్వవిద్యాలయానికి వెళ్లేవాళ్లం. నేను క్లాసులో ఫస్టు, వాడు పరుగులో ఫస్టు. కానీ అక్కడ ఈ రెండు ఫస్టులూ ఒకటి కావు. నా పేరును నోటీసు బోర్డులో క్యాంటీన్ వేళల పక్కన అంటించేవారు. (దాని మీద ఎవరో సమోసా చేయి తుడుచుకుపోయేవారు కూడా.) ఆటల్లో గెలిచినవాడికి మాత్రం సోమవారం పొద్దున ప్రార్థనకు ముందు చాపెల్ గంట కొట్టే గౌరవం! ఏ మతం వాడైనా సరే, గెలిస్తే చాలు. ప్రొఫెసర్లతో సహా అందరూ మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టేవారు. బావ తాడు పట్టుకుని ఠంగుఠంగుమని వాయిస్తుంటే నా కడుపు భగభగ మండేది. వాడి కాలు బెణకాలని హనుమంతుడికి మొక్కుకున్నాను. (ఆయనా పరుగు పక్షమేనని అప్పుడు తోచలేదు.)

ఒక్కసారైనా ఆ తాడు పట్టుకోవాలని చివరి ఏడాది నడక పోటీకి పేరిచ్చాను. "ఏందిరా, నువ్వు సుత వస్తున్నవా? జెర పైలం, నడుం పట్టేస్తది" అన్నాడు బావ. రెండు కాళ్లూ ఒకేసారి నేల విడవకూడదన్నది ఆ పోటీ నియమం. ఆవేశపరులంతా ఒక్కొక్కరే ఔటైపోయారు. బావ కూడా చివరి మలుపులో ఆగలేక పరుగు లంకించుకున్నాడు. నా కాళ్లకు నేలను వదిలేంత సత్తువ ఎన్నడూ లేదు గనక నేనే గెలిచాను.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి తాడు లాగాను. గంట ఉలకలేదు. వేలాడితే ఒక్కసారి ఠంగుమంది. ఊపిరి పీల్చుకుని మళ్లీ వేలాడాను. చాలాసేపటికి ఇంకొకటి. చప్పట్లు లేవు సరికదా, ఆడపిల్లలు తల మీదికి చున్నీలు లాక్కున్నారు. పాస్టరుగారు పరుగున వచ్చి "ఎవరు పోయిండ్రు బాబూ?" అన్నారు. (ఆగి ఆగి ఒక్కో దెబ్బ కొడితే ఎవరో కన్నుమూశారని అక్కడ గుర్తు.) "రిజిస్ట్రార్ సారా? నిన్ననే నా చేతి చాయ్ తాగిండు!" అని క్యాంటీన్ అక్క ఏడుపు షురూ చేసింది. పక్కనే జేబురుమాలుతో నిలబడ్డ రిజిస్ట్రార్ గారు ఉలిక్కిపడ్డారు.

"ఎవరూ పోలేదు సార్, నేను గెలిచిన" అన్నాను.

బావ నవ్వు ఆపుకుంటూ వచ్చి నాతోపాటు తాడు పట్టుకున్నాడు. "ఊకె గుంజుడు కాదురా, అది పైకి పోతుంటే ఇడిచిపెట్టాలె" అన్నాడు. అప్పుడు మోగింది గంట! చప్పట్లు కూడా మోగాయి. అందరి చూపూ మాత్రం వాడి మీదే. నా గంట కూడా వీడే కొట్టేశాడని ఆ పూట అన్నం సహించలేదు.

ఇప్పుడు వాడు అక్కడే కోచ్. నాకు యాప్రాల్‌లో ఫ్లాటు, దానికి తగ్గ పొట్ట. నా కూతురు వాడి దగ్గరే పరుగు నేర్చుకుంటోంది. మొన్న స్కూలు పోటీలో గెలిచి ఇంటికి రాగానే, నన్ను దాటుకుని వెళ్లి ఫోనందుకుంది. "మామా, నేను గెలిచిన!" అని అరిచింది. కడుపులో అదే పాత మంట. నలభై దాటినా ఆరలేదే అని నాకే నవ్వొచ్చింది. ఫోను లాక్కుని "బావా, గెలిస్తే ముందు నాయనకు చెప్పాలని సుత జెర నేర్పరాదూ" అన్నాను.