సాంచాలు ఆగిన తర్వాత

హెడ్‌ఫోన్ పెట్టుకోగానే రెండు చెవుల మీదా మెత్తటి స్పాంజి వెచ్చగా అతుక్కుంటుంది. మైకు మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగి, అరక్షణం పాటు సన్నగా గాలి వీచినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడితే చాలు, నేనెక్కడున్నానో మరిచిపోయి సిరిసిల్లలో సలీం చిచ్చా మైకుసెట్టు దుకాణంలోకి వెళ్లిపోతాను. కాలిన సీసం వాసన, వైర్ల చుట్టలు, గోడకు వేలాడే పాత హారన్లు, వాటి నడుమ చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్న ఆయన.

నేను పనిచేసేది పార్లమెంటులో, సభ పైన ఉండే ఒక అద్దాల గదిలో. కింద ఎవరో ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడుతుంటే, ఆ మాట చల్లారకముందే దాన్ని తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. మొన్న సభలో చర్చకు వచ్చింది పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావాన్ని మదింపు చేసే పద్ధతిని మార్చే బిల్లు. ఫైళ్లు ఏళ్ల తరబడి కదలడం లేదని ఒక పక్షం, జనాన్ని అడగకుండా నేలనూ నీళ్లనూ ఇచ్చేస్తారా అని మరో పక్షం. ఇప్పటికే నడుస్తున్న ఫ్యాక్టరీని పెంచుకోవాలంటే ఇకమీద ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపనక్కర్లేదు, వెబ్‌సైటులో ప్రకటిస్తే సరిపోతుందని అందులో ఒక మాట ఉంది. మా వాగు ఒడ్డున ఉన్న అద్దకం ఫ్యాక్టరీని రెండింతలు చేస్తారట అక్కా అని మా తమ్ముడు ఆ మధ్యే ఫోన్ చేశాడు. చర్చ రోజు పొద్దుటి నుంచీ నాకు కుదురు లేదు. నీళ్ల సీసా మూత తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం. పక్కన కూర్చున్న సహోద్యోగిని నా మీద విసుక్కుని ఆ సీసాను అవతలికి జరిపింది.

సలీం చిచ్చా మా వాడలోనే ఉండేవాడు, పిల్లలందరికీ చిచ్చా, అంటే బాబాయి. మా వాడంటే పద్మశాలీల ఇళ్లు, ఇంటింటా మరమగ్గాలు. వాటిని మేం సాంచాలంటాం. అవి నడుస్తుంటే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మాట్లాడుకోవాలన్నా సైగలే గతి. పెళ్లయినా, సభయినా, బోనాలయినా మైకుసెట్టు ఆయనదే. ఆటో మీద హారన్లు కట్టి ఊరంతా ప్రకటనలు చేసేదీ ఆయనే. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆయన ప్రకటనలకు గొంతు నాదయింది. కోరుట్లలో బట్టల దుకాణం తగ్గింపు ధరలు, జగిత్యాలలో కాలేజీ అడ్మిషన్లు, మెట్‌పల్లిలో కంటి శిబిరం, అన్నీ నేనే చదివేదాన్ని.

మొదటిసారి రికార్డు చేసినప్పుడు నేను రేడియోలో లాగా గొంతు సవరించుకుని, గడగడా చదివేశాను. ఆయన చేయెత్తి ఆపాడు.

"గట్ల ఉరుకకు బిడ్డా. నువ్వు సదువుతున్నవు, చెప్తలేవు."

"రెండూ ఒకటే గద చిచ్చా."

"ఎట్లయితది? గల్లీల ఆఖరి ఇంట్ల మీ అమ్మసొంటామె నూలు సుడుతుంటది. ఆమె తలకాయెత్తి ఇటు సూడాలె. గప్పుడు చెప్పినట్టు. లేకుంటే ఉత్త లొల్లే."

ఆ ప్రకటనలో ఒక్కో వాక్యాన్ని నా చేత ఎన్నిసార్లు చెప్పించాడో. నాకు ఒళ్లు మండిపోయేది. ఇవాళ నేను పార్లమెంటులో తెలుగువాళ్లు వినే గొంతునయ్యానంటే ఆ మంట పుణ్యమే.

ఆయనకు చెవులు పోతున్నాయన్న సంగతి అప్పటికి నా ఒక్కదానికే తెలుసు. బతుకంతా హారన్ల పక్కనే గడిపిన మనిషి. ఎదుటివాళ్ల పెదాలు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొచ్చేవాడు. స్పీకరు మోగుతున్నదో లేదో చూడాలంటే దాని మీద అరచేయి ఆనించేవాడు. అది వణికితే మోగుతున్నట్టే. "ఎవ్వల్తోటి అనకు. చెవిటోనికి మైకు పని ఎవలిస్తరు?" అన్నాడొకసారి నవ్వుతూ. ఆ నవ్వులో నవ్వేమీ లేదు.

ఆ ఏడే వాగు ఒడ్డున అద్దకం ఫ్యాక్టరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ ఉందని ఊరికి చాటే పని చిచ్చాకు అప్పగించారు. వాళ్లిచ్చిన కాగితంలో 'ప్రతిపాదిత ప్రాజెక్టు వలన కలుగు పర్యావరణ ప్రభావ మదింపు నివేదికపై' అంటూ ఒకే వాక్యం సాగుతూ ఉంటుంది. చిచ్చా దాన్ని నా చేత రెండుసార్లు చదివించి, మా వాడ తెలుగులోకి మార్పించాడు. ఏం వస్తుంది, ఎక్కడ వస్తుంది, నీళ్లు ఎక్కడివి, వాడిన నీళ్లు ఎటు పోతాయి, అడగాలనుకునేవాళ్లు ఎప్పుడు ఎక్కడికి రావాలి. అంతే. కంపెనీ మనిషి విని తలూపాడు. నా బతుకులో నేను చెప్పిన మంచి ప్రకటన అదేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

తీరా ఆ రోజు షామియానా కింద సగానికి పైగా కుర్చీలు ఖాళీ. వేదిక మీద అధికారులు, ముందు వరసలో కంపెనీవాళ్లు, పక్కన యాంప్లిఫయర్ దగ్గర చిచ్చా, ఆయన చెవి పక్కన నేను. ఎవరు ఏమన్నా ఆయన చెవిలో చెప్పాలి. కంపెనీ ఇంజనీరు వాగులో చుక్క మురికి కలవదన్నప్పుడు నేను ఆ మాటకు మూతి విరుపు జోడించి చెప్పాను. చిచ్చా నా మీద గుర్రుమన్నాడు.

"నీ కోపం నీ దగ్గర పెట్టుకో. ఆయన ఎట్ల అన్నడో గట్లనే చెప్పు. ఎదుటోని మాట సక్కగ ఇనకుంటే నేను జవాబేమియ్యాలె?"

కాసేపటికి పెద్ద అధికారి, వాడవాడలా ఆటోలో చాటించాం, అభ్యంతరాలున్నవాళ్లు పెద్దగా రాలేదు, కాబట్టి ముగిద్దామా అన్నాడు. వెనక వరసలోంచి లక్ష్మి లేచింది. మా వాడలోనే సాంచాలకు నూలు కండెలు చుట్టే మనిషి. మైకు అందుకుని చెప్పింది.

"ఆటో అచ్చిన మాట నిజమే సారూ. కని గప్పుడు సాంచాలు నడుస్తున్నయి. ఏం చెప్పిన్రో ఒక్క ముక్క ఇనబడలే. నేను పక్కింట్ల అడిగి అచ్చిన. అడగనోల్లు రాలే."

మా ఊళ్లో ఏం చాటాలన్నా సాంచాలు ఆగిన వేళ చూసి చాటుతారు. ఆ రోజుల్లో పొద్దున కరెంటు కోత ఉండేది. ఆ వేళకే చిచ్చా నా గొంతు రికార్డు పెట్టుకుని ఒక్కడే ఆటో తీశాడు. కానీ ఆ రోజు కోత పెట్టలేదు. అరచేతి కింద స్పీకరు వణుకుతున్నది, మోగుతున్నదనుకున్నాడు. మోగింది కూడా. వందల సాంచాల మోతలో అది మునిగిపోయిందని ఆ చెవులకెలా తెలుస్తుంది?

"ఆమె ఏమన్నది?" అన్నాడు చిచ్చా.

ఇంకేదైనా చెప్పేద్దామా అనిపించింది. ఆయన నా పెదాలనే చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. తర్వాత లేచి, లక్ష్మి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అన్నేళ్లుగా ఊరందరి నోటికీ మైకు అందించిన మనిషి తాను మాట్లాడగా నేను చూడడం అదే మొదటిసారి.

"చాటింపు చేసింది నేనే సారూ. నాకు చెవులు ఇనబడయి. సాంచాలు బందయినయనుకున్న. కాలే. నేను తిరిగిన మాట నిజం, చెప్పిన మాట నిజం గాదు. ఫ్యాక్టరీ రావద్దని నేను అంటలేను, మా పిల్లలకు పని గావాలె. సాంచాలు ఆగినంక మల్ల చాటుత. అందరొచ్చి అడిగినంకనే రాసుకోండ్రి."

కంపెనీ మనుషులు ముఖాలు గంటు పెట్టుకున్నారు. పెద్ద అధికారి మాత్రం పక్కవాళ్లతో మాట్లాడి సభను వాయిదా వేశాడు. మళ్లీ చాటింపు జరిగింది. ఈసారి ఆటోలో చిచ్చా పక్కన నేనూ ఉన్నాను. ప్రతి గల్లీ మొదట్లో ఆగి, చప్పుడు పూర్తిగా అణిగాక ఇక మొదలెట్టమని ఆయన మోకాలు తట్టేదాన్ని. రెండోసారి కుర్చీలు చాలలేదు. ఫ్యాక్టరీ వచ్చింది. కానీ మురికినీళ్లను శుద్ధి చేసే యూనిట్ కట్టాకే, గొట్టం వాగులోకి వదలకుండానే వచ్చింది. మా నాన్నకు అక్కడే పని దొరికింది. చిచ్చాకు మాత్రం ఆ తర్వాత ఏ సభకూ పిలుపు రాలేదు. పెళ్లిళ్లవాళ్లు కూడా మెల్లగా వేరే సెట్లు చూసుకున్నారు. అలా ఎందుకు చెప్పుకున్నావు చిచ్చా అని ఒకరోజు ఏడుస్తూ అడిగాను. ఆయన రేకు డబ్బాలోంచి స్క్రూలు ఏరుకుంటూ, "మైకు పట్టుకోని అబద్ధమాడితే మైకుకు ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. నేను ఢిల్లీలో చేరిన రెండేళ్లకు పోయాడు. నాకు ఆయన మీద ప్రేమ ఎంతో, అంత మంచి మనిషికి పని లేకుండా చేసిన మా ఊరి మీద కోపమూ అంతే.

మొన్న బిల్లు మీద మంత్రి జవాబు చెప్పే సమయానికి వంతు నాదే అయింది. "ప్రజలకు సమాచారం అందించడంలో ఏ లోటూ ఉండదు. వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు" అన్నారాయన. ఆయన ఎంత నమ్మకంగా అన్నారో అంత నమ్మకంగా చెప్పాను, మూతి విరుపు లేకుండా. వెనక వరసలో ఒక తెలుగు సభ్యుడు ఇయర్‌ఫోన్ నొక్కిపట్టుకుని శ్రద్ధగా విని, దాన్ని తీసేసి లేచి నిలబడ్డాడు. ఆయన అడవుల గురించి అడిగాడు. గట్టిగానే, బాగానే అడిగాడు. నేను ఎదురుచూసిన ప్రశ్న మాత్రం ఆయనా అడగలేదు, ఎవరూ అడగలేదు. బిల్లు నెగ్గింది.

ఎర్ర దీపం ఆర్పి హెడ్‌ఫోన్ తీశాక కూడా చాలాసేపు అరచేయి ఆ బల్ల మీదే ఆనించి కూర్చున్నాను. ఆ గదిలో నా ముందు రోజూ మైకు ఉంటుంది, నా మాట చెప్పుకునే హక్కు ఉండదు. ఉండకూడదు కూడా, ఆ సంగతి నాకు నేర్పింది చిచ్చానే. ఈ కాగితం మాత్రం నాది. అందుకని ఆ ప్రశ్న ఇక్కడ, ఆయన అడిగే తీరులోనే అడుగుతున్నాను.

చాటిన్రు, సరే. సాంచాలు ఆగినంక చాటిన్రా?